నిరుటి ఉపవాసాలు

జనవరి 9, మంగళవారం

"ఏ సముదాయం ఎక్కువ అవసరంలో ఉంది?" ఈ ప్రశ్నను ఒక నిధి సంస్థ విశ్వవిద్యాలయాన్ని అడిగింది, విశ్వవిద్యాలయం ఆచార్య ప్రిచర్డ్‌ను అడిగింది, ఆమె తన విద్యార్థులమైన కెల్సీ సివాప్‌నూ నన్నూ గదిలోకి పిలిచి, కుర్చీలు చూపించి, అడిగింది. వాదోపవాదాల పోటీలో ఇలాంటి తీర్మానం నా ముందు పెట్టి ఉంటే మొదటి నిమిషంలోనే దాని నడుం విరగ్గొట్టేదాన్ని. అవసరానికి కొలమానం ఏది? ఈ నేల తొలివాసులైన క్రీలను, తెల్లవాళ్లతో ఒడంబడికల కాలం నుంచి లెక్కపెడుతూనే ఉన్నారు. అఫ్ఘాన్ నేల విడిచి పారిపోయిన మా హజారాలను క్వెట్టా శిబిరంలో వరుసల్లో నిలబెట్టి లెక్కపెట్టారు. ఇన్ని లెక్కల తరువాత కూడా ఎవరికి ఎంత లోటో తెలియలేదంటే లోపం లెక్కలో ఉందా, లెక్కపెట్టినవారిలో ఉందా? ఇవన్నీ అడగవలసింది. నేను అడిగింది మాత్రం, "ఎప్పటిలోగా కావాలి?" అని.

కారణం ఇరవయ్యో వీధిలోని హాలు. ఉదయం ఆరు నుంచి ఒంటిగంట దాకా అది క్రీ అమ్మమ్మలది: పూసల పని, రొట్టెలు, బడి పిల్లలకు సూప్. పన్నెండు నుంచి సాయంత్రం దాకా అఫ్ఘాన్ స్త్రీలది: కుట్టుమిషన్లు. మధ్యలో ఆ ఒక్క గంట అందరూ ఒకరి మీద ఒకరు పడి తిరుగుతారు. ఏప్రిల్ నుంచి యజమాని ఒక్క బృందానికే ఇస్తానంటున్నాడు. ఆ ఒక్కరి అద్దె నిధి సంస్థ భరిస్తుంది. ఆ ఒక్కరు ఎవరన్నది మా నివేదిక తేల్చాలి. సమర్పణ మార్చి ఏడున.

కుట్టు బృందానికి పెద్ద మా అమ్మ గుల్‌చమన్. ఉదయపు బృందానికి పెద్ద కెల్సీ వాళ్ల అమ్మమ్మ ఎలిజా. వీధంతా ఆమెను కోకుమ్ అనే పిలుస్తుంది, అమ్మమ్మ అని. కనుక పక్షపాతం అన్న మాట రాకుండా నేనే ఒక నియమం ప్రతిపాదించాను: ఎవరివాళ్ల ఇళ్లకు వాళ్లు వెళ్లకూడదు. క్రీ ఇళ్లకు నేను, అఫ్ఘాన్ ఇళ్లకు కెల్సీ. రెండో నియమం: ఎవరింట్లోనూ ఏమీ తినకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ప్రిచర్డ్ ముచ్చటపడిపోయింది.

కెల్సీ మాత్రం, "అబ్బో, లాయరమ్మా! నన్ను మీ అమ్మ దగ్గరికి పంపి, తినకుండా రమ్మంటున్నావు. నువ్వెప్పుడైనా వచ్చావా అలా?" అంది.

ఏడింటికి ఇల్లు చేరాను. అమ్మ నాకూ నాన్నకూ వడ్డించింది. తను నిరుటి రంజాన్‌లో తప్పిపోయిన ఉపవాసాలు ఇప్పుడు తీర్చుకుంటోందట. పొద్దు వాలగానే విడిచేశాను, ముందే తిన్నాను, నువ్వు తిను అంది.

జనవరి 13, శనివారం

సున్నాకు ముప్పై ఎనిమిది డిగ్రీలు కింద. బస్సు రాలేదు. వచ్చాక ఎక్కనివ్వలేదు, నిండిపోయిందట.

బయల్దేరే ముందు కెల్సీతో గొడవ. పెద్దవాళ్లను ఏదైనా గంభీరమైన విషయం అడగాలంటే ముందు చేతిలో పొగాకు పెట్టాలంటుంది. నైతిక సమీక్షా నియమావళి నాలుగో అధ్యాయం ప్రకారం అది ప్రలోభం అన్నాను. "ప్రలోభమా? గుప్పెడు పొగాకే అది! దాంతో కోకుమ్ ఏ బంగళా కొంటుంది?" అంది. సూత్రం గుప్పెడుకైనా బస్తాకైనా ఒకటే అని చెప్పి, ఒట్టి చేతులతో వెళ్లాను.

మొదటి ఇల్లు కోకుమ్‌దే.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఈ రోజా?"

ఈ జవాబును ఏ గడిలో నింపాలి?

"గత ముప్పై రోజుల్లో ఎప్పుడైనా ఇంట్లో తిండి చాలకపోవడం జరిగిందా?"

ఆమె కిటికీ వైపు చూసింది. ఐదు సెకన్లలో జవాబు రాకపోతే తరువాతి ప్రశ్నకు వెళ్లాలని సర్వే పుస్తకం చెబుతుంది. ఐదు లెక్కపెట్టి 'జవాబు లేదు' అన్న గడిలో గీత పెట్టాను. పదకొండు ప్రశ్నలకు తొమ్మిది గీతలు. చివర్లో ఆమే నన్నొకటి అడిగింది.

"ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటావే పిల్లా నువ్వు?"

మిగతా ఇళ్లలోనూ ఇంతే. జోకులకు కొదవ లేదు, జవాబులే లేవు.

జనవరి 14, ఆదివారం

నోరు విప్పనివారి తరఫున ప్రపంచంలో ఎవరు వాదించగలరు?

జనవరి 20, శనివారం

కెల్సీ పన్నెండు అఫ్ఘాన్ ఇళ్లు పూర్తిచేసింది. గ్రంథాలయంలో నా ఎదురుగా కూర్చుని కోటు గుండీలు విప్పుకుని, "ఇక లేవలేను, నన్నిక్కడే వదిలేయ్" అంది.

పన్నెండు ఇళ్లలోనూ తిన్నది! ఉల్లికాడలు కూరిన బొలానీ రొట్టెలు, ఎండు మల్బరీ పళ్లు, మసూమా పిన్ని ఇంట్లో ఏకంగా గొర్రెమాంసం. పత్రాల్లో మాత్రం ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు: దేవుడి దయ, అన్నీ నిండుగా ఉన్నాయి.

"తినకూడదని నియమం ఉంది కదా?"

"ఉంది. మసూమా పిన్నికి చెప్పాను కూడా. ఆవిడ, అయ్యో పాపం అని, ఇంకో రొట్టె వేసింది."

మసూమా పిన్ని భర్తకు నవంబరు నుంచి పని లేదు. ఆ మాంసం ఎవరి ఫ్రిజ్‌లోంచి వచ్చిందో నాకు తెలుసు. మెట్ల కింది వాటాలోని హకీమా గారి ఫ్రిజ్‌లోంచి. కెల్సీకి తెలియదు. తెలియకుండా 'నిండుగా' అన్న గడిలో గీత పెట్టింది. నిష్పాక్షికత అంటే అదే కాబోలు.

మా ఇంటికీ వెళ్లింది. అమ్మ క్యారెట్టూ కిస్‌మిస్సూ వేసిన పలావు చేసిందట. మా ఇంటి వరకూ ఆ జవాబు నిజమే. నాన్న వెన్ను పట్టేసి లారీ నడపడం మానేసినప్పటినుంచి కొంచెం జాగ్రత్తగా ఉంటున్నామే తప్ప మాకు లోటంటూ లేదు. ఈ వారమంతా బంగాళాదుంపల కూర. చలికాలానికి మంచిది.

అమ్మ ఉపవాసం. ముందే తిన్నానంది.

జనవరి 27, శనివారం

అమ్మతో పోరు. దీన్ని యథాతథంగా రాస్తున్నాను, ఎందుకంటే నేను ఓడిపోయిన వాదనలు చాలా తక్కువ.

"ఆడవాళ్లందరూ కూడబలుక్కుని అబద్ధం చెప్పారు కదమ్మా!"

"ఏది అబద్ధం? ఇంటికొచ్చిన ఆడపిల్లను కూర్చోబెట్టి, మాకు గతిలేదమ్మా అని చెప్పమంటావా? ఆ పిల్లకు ముద్ద దిగుతుందా?"

"ఆమె అతిథి కాదు. పరిశోధకురాలు."

"గుమ్మం దగ్గర బూట్లు విప్పిందా లేదా?"

"విప్పింది."

"అయితే అతిథే."

"కెల్సీ కాదు, కాగితం అడిగింది అనుకోవచ్చు కదా?"

"కాగితానికి ఆ పిల్ల కళ్లున్నాయా? బక్కగా ఉంది పాపం. వాళ్లమ్మ ఊళ్లో లేదా?"

నాన్న సోఫాలో వెన్ను కింద వేడినీళ్ల సంచీ సర్దుకుంటూ, "వదిలేయ్ మహ్‌తాబ్. మీ అమ్మ క్వెట్టా శిబిరంలో లెక్కలు రాసుకోవడానికొచ్చినవాడికి కూడా టీ పోసింది. వాడు మనల్ని సంపన్నుల కింద రాసుకుపోయాడు" అన్నాడు.

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

పట్టిక తయారైంది. అఫ్ఘాన్ ఇళ్లన్నీ ఆకుపచ్చ: కొరత లేదు. క్రీ ఇళ్లన్నీ బూడిదరంగు: సమాచారం లేదు. ప్రిచర్డ్ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"అంటే, అవసరం ఏ పక్షానా రుజువు కాలేదన్నమాట. అలాంటప్పుడు సంస్థ ఎవరికీ ఇవ్వకపోవచ్చు."

ఎవరికీ! అమ్మ మిషన్లకు చోటు పోతుంది, కోకుమ్ రొట్టెల పొయ్యి ఆరిపోతుంది, దానికి ఆధారంగా అడుగున నా సంతకం ఉంటుంది. పద్ధతి ఎంతో శుభ్రంగా ఉందని ఆమె మెచ్చుకుంది కూడా. శుభ్రంగానే ఉంది, కడిగి బోర్లించిన గిన్నెలా.

ఫిబ్రవరి 3, శనివారం

కెల్సీ నవ్వకుండా మాట్లాడటం మొదటిసారి చూశాను.

"నువ్వు ఐదు లెక్కపెట్టి వదిలేశావు. కోకుమ్ అప్పటికింకా నీ ప్రశ్న వింటోందే!"

"ఐదు సెకన్లన్నది ప్రామాణిక..."

"ఎవరికి ప్రామాణికం? ఒట్టి చేతులతో వెళ్లి, కోటు కూడా విప్పకుండా, ఇంట్లో ఆకలి ఉందా అని అడిగావు. తలుపు కొట్టకుండా పడగ్గదిలోకి వెళ్లడం లాంటిది అది. ఆవిడ తిట్టలేదు, సంతోషించు."

"నువ్వేమో పన్నెండు ఇళ్లలో భోంచేసి వచ్చావు!"

"ఇంకేం చెయ్యను? నియమం పెట్టింది నువ్వు. మావాళ్ల దగ్గరికి నువ్వెళ్లు, మీవాళ్ల దగ్గరికి నేనెళ్తానని. నువ్వెళ్లుంటే మసూమా పిన్ని నిన్ను పట్టుకుని ఏడ్చేది. నన్ను చూసి మాంసం వండింది. ఎవరిదే తప్పు?"

ఫిబ్రవరి 4, ఆదివారం

పద్ధతి సరైనదే. మనుషులే పద్ధతిగా లేరు.

ఫిబ్రవరి 10, శనివారం

జనవరి తొమ్మిది నుంచి లెక్కవేస్తే అమ్మ ఇరవై ఏడు ఉపవాసాలు తీర్చుకుంది. రంజాన్‌లో మొత్తం ఉండేవి ముప్పై. నిరుడు నాకు తెలిసి అమ్మకు తప్పినవి ఐదో, ఆరో. అంతకు ముందు ఏళ్లవి కూడా కలుపుకుంటోందేమో. రేపు అడుగుతాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

అడగలేదు. పోటీ ఉంది. 'పేదరికం కంటికి కనిపించకపోవడమే నేటి సమాజపు ప్రధాన నేరం' అన్న తీర్మానానికి అనుకూలంగా మాట్లాడి గెలిచాను. కప్పు ఫ్రిజ్ మీద పెట్టాం. అమ్మ దాన్ని చూసుకుని మురిసిపోయింది. నా పళ్లెంలో మాంసం ముక్కలు రెండు. చదివే పిల్లకు బలం కావాలట. తను ముందే తిన్నానంది.

ఫిబ్రవరి 17, శనివారం

ఈ రోజుది వరుసగా రాయాలి.

మూల కొట్టులో పొగాకు కొన్నాను. దాన్ని చిన్న గుడ్డలో కట్టడం కెల్సీ నేర్పింది. మూడుసార్లు విప్పించి మళ్లీ కట్టించింది. పన్నెండింటికి హాలుకు వెళ్లాను. అమ్మ గుండీలు కొనడానికి బజారుకు వెళ్లింది. కోకుమ్ పొయ్యి దగ్గర పిండి చేతులతో నిలబడి ఉంది. మూట ఆమె ముందు పెట్టాను. ఏం మాట్లాడాలో పది వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోట రాలేదు.

ఆమె చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మూట తీసుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకూ ఒకటి చూపించింది. దీనికంతటికీ నా ప్రసంగం ఒకటి పూర్తయ్యేంత సమయం పట్టింది.

"ఇప్పుడు అడుగు" అంది.

"మీ ఇంట్లో తిండికి లోటుందా, కోకుమ్?"

ఐదు. పది. పదిహేను. మిషన్ల చప్పుడు. కాళ్ల వేళ్లు బూట్లలో బిగబట్టుకుని కూర్చున్నాను. ఇరవై రెండు దగ్గర ఆమె అంది:

"నా సంగతి నేను చెప్పుకుంటే బాగుండదు మనవరాలా. ఇంకోటి అడుగు."

తన సంగతి కానిది ఇంకోటి నా కాగితంలో లేదు. ఏదో ఒకటి అడగాలి కనుక, "పోనీ, మీకు తెలిసినవాళ్లలో ఎవరింట్లో ఉంది?" అన్నాను.

ఈసారి నలభై దాకా వచ్చాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"మీ అమ్మ."

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. "లేదు కోకుమ్, అమ్మ ఉపవాసాలుంటోంది. మాలో అదొక లెక్క ఉంది, నిరుడు తప్పినవి ఈ ఏడు..."

"మేమూ ఉంటాం ఉపవాసాలు. నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు, నీళ్లు కూడా లేకుండా. మా అమ్మ ఉండేది, నేనున్నాను. ఉపవాసమున్న మనిషిని చూస్తే తెలుస్తుంది. లోపల దీపం పెట్టినట్టుంటుంది." ఆమె మూటను అటూ ఇటూ తిప్పింది. "మీ అమ్మ గోడ పట్టుకుని లేస్తోంది. అది ఉపవాసం కాదు పిల్లా. మధ్యాహ్నం పూట సూప్ ఇస్తే, ఉపవాసం అంటుంది. పొద్దు వాలాక తాగమని డబ్బాలో పోసిస్తాను. అది నువ్వు తాగుతున్నావు."

బార్లీ సూప్. మంగళవారాలూ గురువారాలూ. బాగుంటుంది. అమ్మ ఎప్పుడు నేర్చుకుందో అనుకున్నాను.

ఆ తరువాత కోకుమ్ వేడివేడి రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. నియమం గుర్తొచ్చింది. తిన్నాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

అమ్మను అమ్మ గురించి అడగలేదు. కోకుమ్ గురించి అడిగాను. ఒక్క ప్రశ్నకే పావుగంట చెప్పింది.

"ఎలిజా అక్క ఇంట్లో పొయ్యి అక్టోబరులో చచ్చిపోయింది. ఇంటివాడు రేపు రేపంటున్నాడు. తెల్లారి ఆరింటికే హాలుకెందుకొస్తుందనుకున్నావు, పూసలు గుచ్చడానికా? ఇంట్లోవాళ్లకు రొట్టె ఇక్కడ కాల్చుకుని పట్టుకెళ్తుంది. ఉత్తరం నుంచి కొడుకు దుప్పి మాంసం పంపితే వీధంతా పంచేస్తుంది, తనకు ఎముకలు. ఆ హాలు పోతే అక్కకు పొయ్యి లేదు. నీ కాగితంలో రాసుకున్నావా ఇది?"

"నీకెలా తెలుసమ్మా? మీ ఇద్దరికీ భాషే సరిగా కలవదు కదా."

"రొట్టె మూట కట్టుకోవడానికి భాషెందుకే?"

కెల్సీకి ఫోన్ చేసి పొయ్యి గురించి అడిగాను. తెలుసు అంది. మరి నాకెందుకు చెప్పలేదు? "కోకుమ్ చెప్పమనలేదు. మా ఇంటి పొయ్యి నీ పట్టికలో గడి కాదు." మళ్లీ తనే, "మీ అమ్మ సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఆ పలావు తినేదాన్నే కాదు" అంది.

మార్చి 1, శుక్రవారం

దాదాపు రెండు వారాలు ఒక్క వాక్యం రాయలేదు. ఇరవై ఆరు ఇళ్లకూ మళ్లీ వెళ్లాం. ఈసారి ఇద్దరం కలిసి. పొగాకు ఇవ్వవలసిన చోట ఇచ్చాం, తినవలసిన చోట తిన్నాం. ఒకే ప్రశ్న: మీకు తెలిసినవాళ్లలో ఎవరింట్లో లోటు?

తన గురించి చెప్పుకున్నవారు ఒక్కరూ లేరు. ఎవరో ఒకరు చెప్పకుండా మిగిలిపోయిన ఇల్లు కూడా ఒక్కటీ లేదు.

మార్చి 7, గురువారం

సమర్పణ. బల్ల వెనక నిధి సంస్థవాళ్లు ముగ్గురు. ఆచార్య ప్రిచర్డ్ మొదటి వరుసలో. అమ్మ ఆకుపచ్చ షాల్‌తో, కోకుమ్ పూసలు కుట్టిన తోలు జోళ్లతో, పక్కపక్కన.

మొదటి పట్టిక చూపించి, ఇది చెల్లదన్నాను. పద్ధతి నాది, కనుక తప్పు కూడా నాదన్నాను. ఈ రెండు వాక్యాలను ఇంట్లో అద్దం ముందు పదిహేడుసార్లు చెప్పుకుని వెళ్లాను; అయినా రెండోది సగంలో కాగితం చూడవలసి వచ్చింది. ప్రిచర్డ్ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. తరువాత రెండో పట్టిక. ఎవరి పేరూ చదవలేదు. ఈ రెండు బృందాల్లో ఎవరు ఎక్కువ పేదలన్న ప్రశ్నకు జవాబు లేదని, ఒకరి ఆకలి సంగతి తెలిసినవారు రెండోవారేనని, వారిని విడదీస్తే రెండు లోట్లూ మళ్లీ కనిపించకుండా పోతాయని చెప్పాను.

అధ్యక్షుడు శ్రద్ధగా విన్నాడు. "చాలా ఆసక్తికరంగా ఉంది. అయితే దరఖాస్తులో ఒక్క పేరే రాయాలి."

ఇన్ని చెప్పాక! నేను నోరు తెరిచేలోపు అమ్మ లేచింది.

"అక్క పేరు రాయండి."

కోకుమ్ ఏమీ అనలేదు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని తరువాతి అంశానికి వెళ్లబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగండి. ఆమె జవాబు చెబుతోంది."

ముగ్గురూ ఆగారు. గోడ గడియారం వినిపించింది. చివరికి కోకుమ్, "గుల్‌చమన్ పేరు రాయండి" అంది.

"కుదరనే కుదరదు" అంది అమ్మ. "ఆమె పెద్దది. ఆమెకు పొయ్యి కావాలి."

"నా పొయ్యి సంగతి ఎవరు చెప్పారు?"

అమ్మ పైకప్పు చూసింది.

"నాకు పొయ్యి ఎవరైనా బాగుచేస్తారు. వీళ్లు మిషన్లెక్కడ పెట్టుకుంటారు?"

"మంచాల కింద పెట్టుకుంటాం!"

"మంచం కింద కూర్చుని కుడతావా గుల్?"

కెల్సీ నా చెవిలో, "మీలో మర్యాదకు మూడుసార్లు వద్దంటే ఒప్పుకున్నట్టే కదా?" అంది. ఎదుటివాళ్లు ఇస్తుంటే మూడుసార్లు. ఇక్కడ ఇద్దరూ ఇచ్చేవాళ్లే, దీనికి హద్దు లేదు అన్నాను. ఇద్దరికీ లేనిదాన్ని ఒకరికొకరు అంటగట్టుకుంటున్న ఇద్దరు మొండి మనుషులు! రెండు నెలలుగా వీళ్లను పోల్చడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే బల్లకు తల కొట్టుకోవాలనిపించింది.

"ఇంతకీ దరఖాస్తు ఎవరిది?" అన్నాడు అధ్యక్షుడు నీరసంగా.

కెల్సీ వెళ్లి అతని చేతిలోంచే కలం తీసుకుని రాసింది: పన్నెండు గంటల బృందం.

"ఇలాంటి బృందం ఉందా?"

"రోజూ ఒక గంట ఉంటుంది" అన్నాను.

మార్చి 15, శుక్రవారం

రంజాన్ ఐదో రోజు. ఉత్తరం వచ్చింది. పన్నెండు గంటల బృందానికి సెప్టెంబరు దాకా హాలు. ప్రయోగాత్మకంగానట. ఆ తరువాత అవసరాన్ని మళ్లీ మదింపు చేస్తారట! ప్రయోగం ఎవరి మీద అని అడుగుతూ రెండు పేజీల జవాబు రాశాను. కెల్సీ దాన్ని చించేసింది.

ఈ రోజు పొద్దు వాలకముందే ఇంట్లో ఉన్నాను. నేల మీద గుడ్డ పరిచాను. నాలుగు రొట్టెలు, పప్పు, కోకుమ్ సూప్. వేళ కాగానే అమ్మ సగం ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, పళ్లెం నా వైపు జరిపింది.

"నాకు చాలు. నువ్వు తిను."

నా దగ్గర వాదనలున్నాయి. పదకొండు ఉన్నాయి, బస్సులో వరుస కూడా పెట్టుకున్నాను. ఒక్కటీ బయటికి తీయలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అమ్మ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏమే, తినవేం?"

ఐదు. నాన్న తన రొట్టె కింద పెట్టేశాడు.

"మహ్‌తాబ్, ఒంట్లో బాగాలేదా? మాట్లాడవేం?"

పన్నెండు. సూప్ మీద ఆవిరి తగ్గుతోంది. అమ్మ షాల్ అంచు సర్దుకుంది. నాన్నను చూసింది. తలుపును చూసింది. పంతొమ్మిది. ఆమె కళ్లు నా మీదికి తిరిగి వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

"ఎవరు చెప్పారు నీకు?" అంది, చాలా మెల్లగా.

నేను ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను. ముప్పై ఒకటి దగ్గర అమ్మ చెయ్యి చాపి రొట్టె తుంచింది.